పక్కవాడు పడిపోయాక



స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో శివార్లలో క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే చోట ఒక పెద్ద రాతి భవనం ఉంది. 1880 ప్రాంతంలో దాన్ని హోటల్‌గా కట్టారు. కలిగినవాళ్ళు వచ్చి నీటి చికిత్సలు చేయించుకుని, నాలుగు రోజులు సేదదీరి వెళ్ళేవారు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, బ్రిటిష్ సైన్యం ఆ హోటల్‌ను తీసుకుని ఆసుపత్రిగా మార్చింది. అక్కడ చేరినవాళ్ళంతా సైనికాధికారులే. వాళ్ళలో ఎక్కువమంది పడుచు కుర్రాళ్ళు. చాలామందికి ఒంటి మీద కట్టు లేదు, నడకలో కుంటు లేదు. పగలు గోల్ఫ్ ఆడేవారు, తోటపని చేసేవారు, తమ కోసం తామే ఒక పత్రిక కూడా నడుపుకునేవారు. చీకటి పడితే ఆ భవనం తీరే మారిపోయేది. గదుల్లోంచి కేకలు వినిపించేవి. కళ్ళు మూస్తే ఏం కనిపిస్తుందోనని భయపడి, నిద్రను తోసిపుచ్చుకుంటూ తెల్లవార్లూ కూర్చునేవారు కొందరు.

వాళ్ళ జబ్బుకు అప్పటికే ఒక పేరు పుట్టింది. అదే షెల్ షాక్. ఛార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. ఫిరంగి గుండు దగ్గర్లో పేలితే ఆ అదురుకు మెదడు దెబ్బతింటోందని మొదట్లో అనుకున్నారు. మాట పడిపోవడానికీ, చూపు పోవడానికీ, కాళ్ళు వణకడానికీ, జ్ఞాపకం చెదరడానికీ అదే కారణమన్నారు. కానీ లెక్క కుదరలేదు. గుండు పేలిన చోటికి దరిదాపుల్లో లేనివాళ్ళకూ అవే లక్షణాలు కనిపించాయి. ఆ పేరు సరిపోదని మయర్స్ కూడా తర్వాత ఒప్పుకున్నారు. 1917లో బ్రిటిష్ సైన్యం ఆ మాట వాడకాన్ని కట్టడి చేసింది. పేరు పోయింది గానీ రోగుల రాక ఆగలేదు. యుద్ధం ముగిసేలోగా ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే సుమారు 80,000 మందికి ఇలాంటి జబ్బు వచ్చిందని చరిత్రకారుల అంచనా.

వైద్యుడి దాకా చేరినవాళ్ళు ఒక విధంగా అదృష్టవంతులు. కొందరు సైనిక న్యాయస్థానం ముందు నిలబడ్డారు. యుద్ధభూమి నుంచి పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్, కామన్‌వెల్త్ సైనికులను 306 మందిని తుపాకులతో కాల్చి చంపారు. కాల్చింది శత్రువులు కాదు, సొంత సైన్యమే. వాళ్ళలో మనసు చెదిరిపోయినవాళ్ళు ఉన్నారన్న సంగతి కుటుంబాలు దశాబ్దాల పాటు చెబుతూ వచ్చాయి. 2006లో బ్రిటన్ ప్రభుత్వం వాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది. అప్పటికి తొంభై ఏళ్ళు గడిచిపోయాయి.

క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో పనిచేసిన వైద్యుల్లో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ ఒకరు. దక్షిణ భారతానికి ఆయన కొత్తవారేమీ కాదు. 1901-02లో నీలగిరి కొండలకు వచ్చి, అక్కడి తోడా గిరిజనుల మధ్య నెలల తరబడి మసలుతూ, వాళ్ళ చుట్టరికాలూ, గేదెల చుట్టూ అల్లుకున్న వాళ్ళ ఆచారాలూ రాసుకున్నారు. 1906లో అచ్చయిన ఆయన గ్రంథం 'ది తోడాస్' మానవశాస్త్రంలో పేరెన్నికగన్నది.   రివర్స్‌కు నత్తి ఉండేది. మాట పెగలనివాడి అవస్థ ఆయనకు అనుభవంలో ఉన్నదే. ఎదుటివాడు చెప్పేదాకా ఆగడం, చెప్పిందాన్ని శ్రద్ధగా వినడం ఆయన పద్ధతి. కొండల మీద ఎవరు ఎవరికి ఏమవుతారో ఓపిగ్గా అడిగి తెలుసుకున్న మనిషికి, ఆసుపత్రిలో ఒక కుర్రాడికి అతని దళం ఏమవుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాలేదు.

ఆ రోజుల్లో ఇలాంటి రోగులకు అందరూ చెప్పే వైద్యం ఒకటే. మరిచిపో. యుద్ధం గురించి ఆలోచించకు, నవలలు చదువుకో, నవ్వించేవాళ్ళతో తిరుగు, మంచి చోట్లు చూడు. ఇంట్లోవాళ్ళకూ అదే ఆజ్ఞ. అబ్బాయి దగ్గర యుద్ధం ఊసెత్తవద్దని. రోగి పగలంతా ఆ మాట నిలబెట్టుకునేవాడు. పగలు అణిచిపెట్టిందంతా రాత్రికి కలగా వచ్చి మీద పడేది. ఇదే విషయం మీద రివర్స్ 1917 చివర్లో ఒక ప్రసంగం చేశారు. 1918 ఫిబ్రవరిలో అది లాన్సెట్‌లో వచ్చింది. అందులో ఆయన చెప్పిన ఒక అధికారి కథ, యుద్ధంలో స్నేహం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు తప్పక వినవలసింది.

ఆ అధికారి పేరు రివర్స్ చెప్పలేదు. ఒకసారి గుండు పేలి మట్టిలో కూరుకుపోయాడు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు. అయినా రెండు నెలలకు పైగా కొలువు వదల్లేదు. తర్వాత ఒకనాడు తోటి అధికారి తిరిగి రాకపోతే వెతకడానికి వెళ్ళాడు. స్నేహితుడి శరీరం తునాతునకలై కనిపించింది. తల ఒకచోట, కాళ్ళూ చేతులూ వేరొకచోట. ఆ రోజుతో మనిషి పూర్తిగా కూలిపోయాడు. ఇక ప్రతి రాత్రీ ఆ స్నేహితుడు కలలోకి వచ్చేవాడు. ఒక్కోసారి తాను చూసిన రూపంలోనే, ఒక్కోసారి కుష్ఠు తినేసిన ముఖంతో. మెల్లగా దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చేవాడు. చెమటలు కారుతూ లేచి కూర్చునేవాడు ఇతను. పగలంతా రాబోయే రాత్రిని తలుచుకుని వణికేవాడు. అందరూ చెప్పినట్టే ఆ ఆలోచనను దగ్గరికి రానివ్వకుండా పగలల్లా పెనుగులాడేవాడు.

రివర్స్ అతనితో మరిచిపొమ్మని అనలేదు. ఆ దృశ్యాన్నే తలుచుకొమ్మన్నారు. ఒక్క విషయం మాత్రం చూపించారు. శరీరం అంతగా ఛిద్రమైందంటే ప్రాణం ఆ క్షణంలోనే పోయి ఉంటుంది. ఆ యుద్ధంలో ఎందరో కడుపులో గుండు దిగి, ముళ్ళకంచెల మధ్య పడి, గంటల తరబడి మూలిగి మూలిగి పోయారు. నీ స్నేహితుడికి ఆ యాతన లేదు. ఈ మాట వినగానే అధికారి ముఖం తేటపడిందని రివర్స్ రాశారు. ఇన్నాళ్ళూ అతనికి ఆ ఆలోచనే తట్టలేదు.

కొన్ని రాత్రులు కలలే రాలేదు. తర్వాత ఒక రాత్రి వచ్చింది. మళ్ళీ అదే నేల, అదే ఛిద్రమైన శరీరం. ఈసారి భయం లేదు. స్నేహితుడి పక్కన మోకరిల్లి, ఇంటివాళ్ళకు పంపడానికి అతని ఒంటి మీది వస్తువులు ఒక్కొక్కటీ తీస్తున్నాడు. నిజంగా ఆ రోజున అతను నెరవేర్చిన బాధ్యతే అది. నడుముకూ భుజానికీ చుట్టుకున్న తోలు పట్టీ విప్పుతుండగా మెలకువ వచ్చింది. ఏడుస్తున్నాడు. అది భయంతో వచ్చిన ఏడుపు కాదు, స్నేహితుడు పోయినందుకు వచ్చిన ఏడుపు. మరికొన్ని రాత్రుల తర్వాత కలలో స్నేహితుడితో మాట్లాడాడు కూడా. తన జబ్బు కథంతా చెప్పుకున్నాడు.

రివర్స్ చేసిన వైద్యమంతా ఇదే అనుకోవచ్చు. భయం మాటున చిక్కుకుపోయిన దుఃఖాన్ని బయటికి రానిచ్చారు. మన ఊళ్ళల్లో చావు జరిగిన ఇంట్లో పదిమంది చేరి, పోయినవాడి గుణగణాలు తలుచుకుని, గొంతెత్తి ఏడుస్తారు. పదో రోజు దాకా ఆ ఇంటికి వచ్చేపోయే జనం తగ్గరు. ఆ యుద్ధభూమిలో సైనికుడికి అలాంటి గడువు ఏదీ లేదు. పక్కవాడు పడిపోయిన చోటే అతను మళ్ళీ కాపలా కాయాలి.

ఈ పద్ధతి అందరికీ పనిచేయలేదు. ఆ సంగతీ అదే ప్రసంగంలో రివర్స్ దాచకుండా చెప్పారు. మరొక యువ అధికారి పేలుడు ధాటికి ఎగిరి, చనిపోయి రోజులైన జర్మన్ సైనికుడి ఉబ్బిన శవం మీద ముఖం ఆనేలా పడ్డాడు. ఆ వాసన, ఆ రుచి అతన్ని వదల్లేదు. అందులో పట్టుకోదగిన మంచి కోణం ఏదీ రివర్స్‌కు దొరకలేదు. సైన్యం వదిలి, అంతకు ముందు కాస్త ఊరట ఇచ్చిన పల్లె వాతావరణానికి వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చారు. తన విద్యకు ఎక్కడ హద్దు ఉందో తెలిసిన వైద్యుడాయన.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ ఓపిక, ఈ సంభాషణ అధికారులకు దక్కాయి. మామూలు సిపాయికి అంత తేలిగ్గా దక్కలేదు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యెలండ్ అనే వైద్యుడు మాట పడిపోయిన సిపాయిల గొంతుకు కరెంటు పెట్టేవాడు. మాట వచ్చేదాకా గదిలోంచి కదలనిచ్చేవాడు కాదు. తన విజయాలుగా వాటిని 1918లో పుస్తకంగా కూడా వేశాడు. మాట వచ్చి ఉండవచ్చు. ఆ మనిషి గొంతులో ఏ దుఃఖం అడ్డుపడిందో అడిగినవాళ్ళు లేరు.

1917 వేసవిలో క్రెయిగ్‌లాక్‌హార్ట్‌కు ఇద్దరు కవులు వచ్చారు. ఒకడు సీగ్‌ఫ్రీడ్ ససూన్. ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం అందుకున్నవాడు. ఆ జూలైలో, ఈ యుద్ధాన్ని ఆపగలిగినవాళ్ళే కావాలని సాగదీస్తున్నారని బహిరంగంగా ప్రకటన రాశాడు. జూలై 30న దాన్ని బ్రిటిష్ పార్లమెంటులో చదివారు. సైనిక విచారణకు పంపితే అతని మాటకు ఇంకా ప్రచారం వస్తుంది. స్నేహితుడు రాబర్ట్ గ్రేవ్స్ నడుమ పడి, ఇతని మనసు బాగాలేదని వైద్యుల బోర్డును ఒప్పించాడు. అలా ససూన్ రివర్స్ చేతికి వచ్చాడు. అతనికి జబ్బు లేదని రివర్స్‌కు తెలుసు. అయినా సైన్యం జీతం తీసుకుంటున్న వైద్యుడిగా అతన్ని తిరిగి యుద్ధానికి పంపడమే ఆయన విధి. నయం చేయడమంటే మళ్ళీ చావు నోటికి పంపడం. యుద్ధకాలంలో మనోవైద్యుడి మెడకు పడే ఈ ఉచ్చు గురించి రివర్స్ జీవితం చెప్పినంత స్పష్టంగా ఏ గ్రంథమూ చెప్పదు.

ససూన్ చివరికి తిరిగి వెళ్ళాడు. యుద్ధం మీద అతని అభిప్రాయం మారి కాదు. తాను ఎడిన్‌బరోలో గోల్ఫ్ ఆడుతుంటే తన కుర్రాళ్ళు అక్కడ చనిపోతున్నారన్న తలంపు అతన్ని నిలవనివ్వలేదు. నవంబర్‌లో బోర్డు అతన్ని యుద్ధానికి పనికొస్తాడని తేల్చింది. 1918 జూలైలో ఫ్రాన్స్‌లో తలకు తూటా తగిలింది. సొంత దళంలోని సార్జెంటే శత్రువు అనుకుని కాల్చాడు. బతికి బయటపడి, 1967 దాకా జీవించాడు.

రెండో కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్. మాంచెస్టర్ రెజిమెంట్ అధికారి. 1917 వసంతంలో, పేలుడులో ఛిద్రమైన తోటి అధికారి శరీర భాగాల మధ్యే రోజుల తరబడి కందకంలో పడి ఉండాల్సి వచ్చింది. తడబడే మాటతో, చెదిరే నిద్రతో ఎడిన్‌బరో చేరాడు. ససూన్ కవితల పుస్తకం ప్రతులు చేతపట్టుకుని సంతకం కోసం భయం భయంగా అతని గది తలుపు తట్టాడు. ఆ పరిచయంతో ఓవెన్ కలం దారి మారింది. కోలుకున్నాక అతనూ తిరిగి వెళ్ళాడు. ఈ కుర్రాళ్ళకు సాయంగా ఉండడానికే వచ్చానని తల్లికి రాశాడు. 1918 నవంబర్ 4న సాంబ్ర్ కాలువ దాటే పోరులో, ఇరవై అయిదేళ్ళ వయసులో, చనిపోయాడు. మరో వారానికి యుద్ధం ముగిసింది. విజయఘంటలు మోగుతున్న నవంబర్ 11న అతని తల్లికి టెలిగ్రాం అందింది.

ఇద్దరూ యుద్ధాన్ని అసహ్యించుకున్నారు, ఇద్దరూ తిరిగి వెళ్ళారు. రాజు కోసమో జెండా కోసమో కాదు, పక్కవాడి కోసం. ఇది కవుల సున్నిత మనసుకు మాత్రమే చెందిన విషయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పనిచేసిన రేమండ్ సోబెల్ అనే అమెరికన్ సైనిక మనోవైద్యుడు దీన్ని శ్రద్ధగా గమనించాడు. అతని దగ్గరికి వచ్చినవాళ్ళు కొత్త కుర్రాళ్ళు కారు. నెలల తరబడి ముందు వరుసలో నిలిచి, పతకాలు అందుకుని, దళానికి వెన్నెముకగా ఉన్న సార్జెంట్లు. ఒకనాటికి గుంట దాటి బయటికి రాలేకపోయేవారు, చిన్న చప్పుడుకు వణికేవారు, దళానికి భారమైపోయామని ఏడ్చేవారు. వాళ్ళను నిలబెట్టిన ఆసరాలు ఒక వరుసలో కూలిపోయాయని సోబెల్ రాశాడు. మొదట దూరపు ఆదర్శాలు పోతాయి. తర్వాత శత్రువు మీద పగ, ఆ తర్వాత దగ్గరి లక్ష్యాలు, తర్వాత తన మీద తనకున్న గర్వం. అన్నిటికన్నా చివర పోయేది తోటివాళ్ళ మీది మమకారం. ఆ సార్జెంట్లతో మొదట కలిసి వచ్చినవాళ్ళలో మిగిలినవాళ్ళు కొద్దిమందే. పాతవాళ్ళు పోయి కొత్త ముఖాలు వచ్చాయి. కొత్తవాళ్ళతో పరిచయం పెంచుకోవాలన్నా భయమే, రేపు వాళ్ళూ పోతారేమోనని.

ధైర్యం బ్యాంకులో దాచుకున్న సొమ్ము లాంటిదని, ఖర్చు పెడుతూ పోతే ఎవరికైనా అయిపోతుందని లార్డ్ మోరన్ 1945లో రాశారు. మొదటి యుద్ధంలో కందకాల్లో పనిచేసిన డాక్టర్ ఆయన, తర్వాత చర్చిల్‌కు వైద్యుడయ్యారు. ఏడాది తర్వాత ఆపెల్, బీబీ అనే ఇద్దరు అమెరికన్లు దానికి లెక్క కూడా కట్టారు. 200 నుంచి 240 రోజులు నేరుగా పోరులో ఉంటే ఎంతటి పదాతి సైనికుడైనా వట్టిపోతాడని తేల్చారు. పోరాటానికి అలవాటు పడడమనేది లేదన్నారు.

సేనాపతులకు మాత్రం ఈ సంగతి అంత సులువుగా ఎక్కలేదు. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికన్ జనరల్ పాటన్ సైనిక ఆసుపత్రుల్లో ఇద్దరు సిపాయిలను చెంపదెబ్బలు కొట్టాడు, పిరికిపందలని తిట్టాడు. వాళ్ళలో ఒకరు ఫిరంగి దళంవాడు. అతని స్నేహితుడు గాయపడిన రోజు నుంచే అతనికి నిద్ర కరువైంది, చేతులు వణకడం మొదలైంది. ఆసుపత్రికి వెళ్ళడానికి కూడా మొదట ఒప్పుకోలేదు, దళాన్ని వదిలి రానన్నాడు. పై అధికారి ఐసన్‌హోవర్ ఆ తర్వాత పాటన్ చేత క్షమాపణ చెప్పించాడు.

స్నేహమే సైనికుణ్ణి నిలబెడుతుందని తెలిసిన ప్రభుత్వాలు దాన్ని వాడుకున్నాయి కూడా. 1914లో బ్రిటన్‌లో స్నేహితుల దళాలు పుట్టాయి. ఒకే ఊరివాళ్ళు, ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళు, ఒకే వీధి కుర్రాళ్ళు కలిసి చేరితే కలిసే ఉంచుతామన్నారు. వేలమంది చేరారు. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైంది. లాంకషైర్‌లోని ఆక్రింగ్టన్ పట్టణపు దళం నుంచి సుమారు 700 మంది సెర్ అనే ఊరి ముందు దాడికి వెళ్ళారు. 580 మందికి పైగా అర్ధగంటలో చనిపోవడమో గాయపడడమో జరిగింది. మరణవార్తలన్నీ ఒకే పట్టణం మీద వచ్చి పడ్డాయి. కలిసి చేరినవాళ్ళు కలిసి పోయారు. మిగిలినవాడికి ఊళ్ళో తలుపు తట్టడానికి స్నేహితుడి ఇల్లు కూడా లేదు, ఉన్నా ఆ తల్లి ముఖం చూసే ధైర్యం లేదు.

భారత సైన్యంలోనూ అప్పటి చేరికలు ఊరి వరసలో, కులం వరసలో జరిగేవి. 1914 శరత్తులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగిన గఢ్వాలీ, సిక్కు, పఠాన్, గూర్ఖా సైనికులకు దళమంటే బంధువర్గమే. అక్టోబర్ 31న బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్ అనే సైనికుడి మెషిన్ గన్ దళంలో అతను తప్ప అందరూ చనిపోయారు. గాయాలతోనే గన్ను కాల్చుతూ ఉండిపోయిన అతనికి విక్టోరియా క్రాస్ దక్కింది. భారత సైన్యంలో ఆ పతకం పొందిన తొలి స్వదేశీ సైనికుడతను. పతకం గురించి అందరూ రాశారు. ఆ గన్ను చుట్టూ చనిపోయిన తనవాళ్ళను తలుచుకుని అతను ఎన్ని రాత్రులు మేలుకున్నాడో ఎవరు రాశారు? గాయపడ్డవాళ్ళను ఇంగ్లండ్‌లో బ్రైటన్ రాజభవనంలో పెట్టిన ఆసుపత్రికి తెచ్చేవారు. నయం కాగానే మళ్ళీ ఫ్రాన్స్‌కు పంపడం వాళ్ళకు అన్నిటికన్నా బాధ. ఇళ్ళకు రాసే ఉత్తరాలు సెన్సార్ అధికారులు చదువుతారని తెలిసి, భారతీయ సైనికులను నల్లమిరియాలని, తెల్లవాళ్ళను ఎర్రమిరపకాయలని మారుపేర్లతో రాసి, మిరియాలు అయిపోతున్నాయని చెప్పుకునేవారు. షెల్ షాక్ అనే పేరు వాళ్ళ దాకా వచ్చింది తక్కువ. దుఃఖం రాలేదని కాదు, దాన్ని వినే రివర్స్ లేడు.

వియత్నాం యుద్ధంలో అమెరికా ఇంకో తప్పు చేసింది. దళాలను దళాలుగా కాక, మనిషిని మనిషిగా పంపింది. ఒక్కొక్కరికి సుమారు ఏడాది గడువు. గడువు తీరిన రోజున ఒంటరిగా విమానమెక్కడం, ఒకటి రెండు రోజుల్లో సొంత ఊళ్ళో ఉండడం. అంతకు ముందటి యుద్ధాల్లో ఓడ మీద తిరిగి రావడానికి రోజులూ వారాలూ పట్టేవి. ఆ ప్రయాణంలో సైనికులు పోయినవాళ్ళను తలుచుకునేవారు, కలిసి ఏడ్చేవారు, కలిసి తాగేవారు. వియత్నాం కుర్రాడికి ఆ ఓడ దొరకలేదు. తిరిగొచ్చినవాళ్ళే 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో చిన్న చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే మనోవైద్యులు వాళ్ళ పక్కన కూర్చున్నారు. వాళ్ళందరి ఒత్తిడితో 1980లో అమెరికన్ మనోవైద్యుల జబ్బుల పట్టికలో పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు, అన్న పేరు చేరింది. షెల్ షాక్ అన్న మాట పుట్టిన అరవై అయిదేళ్ళకు.

ఆ మాజీ సైనికులకు బాస్టన్‌లో వైద్యం చేసిన జొనాథన్ షేకు వాళ్ళ మాటలు వింటుంటే గ్రీకు వీరుడు ఎకిలీజ్ గుర్తొచ్చాడు. ప్రాణస్నేహితుడు పాట్రొక్లస్ చనిపోయాక ఎకిలీజ్ మనిషిలా మిగల్లేదు. 1994లో షే ఆ పోలిక మీద పుస్తకమే రాశారు. తెలుగు పాఠకుడికి అంత దూరం పోనక్కర్లేదు, తిక్కన భారతం ఉంది. అభిమన్యుడు పోయాక అర్జునుడి ప్రతిజ్ఞ, దుర్యోధనుడు కూలాక అశ్వత్థామ నిద్రలో ఉన్నవాళ్ళను నరికిన రాత్రి, ఆ వెనక స్త్రీపర్వంలో యుద్ధభూమిలో శవాలను వెతుక్కునే ఆడవాళ్ళు. తనవాణ్ణి పోగొట్టుకున్న యోధుడి మనసు ఎంత దూరం పోతుందో, ఏ గీత దాటుతుందో మన కవులకు బాగా తెలుసు.

1999 కార్గిల్ యుద్ధంలో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య తండ్రికి ఒక ఉత్తరం రాశారు. ఆయన భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు రోజుకొక భారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని కోరారు. జూన్ 28న రెండో రాజపుతానా రైఫిల్స్ దళంతో ద్రాస్ దగ్గర శిఖరం మీదికి ఎక్కుతూ ప్రాణం విడిచారు. అదే దళంలో ఉన్న కెప్టెన్ విజయంత్ థాపర్, కెప్టెన్ కెంగురూస్ కూడా అదే పోరులో పోయారు. ఒకే మెస్సులో కలిసి తిన్న ముగ్గురు అధికారులు. ఆచార్యకు, కెంగురూస్‌కు మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర ఇచ్చి దేశం గౌరవించింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు మరో పందొమ్మిది మంది పోయారు. పోయినవాళ్ళకు విగ్రహాలు వేశాం, వీధులకు పేర్లు పెట్టుకున్నాం. అది న్యాయమే. ఆ రాత్రి వాళ్ళ పక్కనే ఉండి, బతికి దిగి వచ్చినవాళ్ళు కూడా మన ఊళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళ గురించి మనం అడిగింది తక్కువ.

మన సైన్యంలో ప్రతి జవానుకూ ఒక బడ్డీ ఉంటాడు. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు కాచుకోవాలి. కాపలాలో, మంచులో, గస్తీలో జంటగా మెలగాలి. ఈ జంట మంచి ఏర్పాటు. ఒకడి మాట తీరు మారితే, తిండి తగ్గితే, ఇంటి నుంచి వచ్చిన ఫోను తర్వాత ముఖం వాడితే ముందుగా పసిగట్టేవాడు బడ్డీయే. ఆ ఇద్దరిలో ఒకడు పోతే రెండోవాడికి ఆ లోటు పూడ్చగలిగిన మనిషి చాలాకాలం దొరకడు. పల్టన్‌లో ఉన్నంతకాలం పది మంది అదే మనిషిని ఎరిగినవాళ్ళు చుట్టూ ఉంటారు. పింఛను తీసుకుని ఇంటికి వచ్చాక ఆ పేరు తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడూ ఉండడు.

పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊరు వేరు. అక్కడ తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళినవాళ్ళున్నారు. అరుగు మీద కూర్చుంటే ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. తక్కిన ఊళ్ళల్లో మాజీ సైనికుడు ఒక్కడే ఉంటాడు. బ్యాంకు దగ్గరో అపార్ట్‌మెంటు గేటు దగ్గరో సెక్యూరిటీ పని చేసుకుంటూ ఉంటాడు. దీపావళి టపాసులకు ఉలిక్కిపడితే పిల్లలు నవ్వుతారు. రాత్రిళ్ళు నిద్ర పట్టక తాగితే తాగుబోతంటారు. చిన్నమాటకు కోపం వస్తే మిలటరీ కోపమంటారు. ఈ లక్షణాలన్నీ జబ్బే అయి ఉండాలని లేదు. జబ్బు కావచ్చునని మాత్రం ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి. పీటీఎస్‌డీకి ఇవాళ మందులున్నాయి. జరిగినదాన్ని నిపుణుల సమక్షంలో కొద్దికొద్దిగా చెప్పించే చికిత్సలూ ఉన్నాయి. రివర్స్ చేసిన పని ఇవాళ పద్ధతిగా నేర్పే విద్య అయింది.

కాబట్టి శ్రోతలకు ఒక విన్నపం. సెలవు మీద వచ్చిన జవాను గానీ, పింఛను మీద ఇంట్లో ఉన్న మాజీ సైనికుడు గానీ ఎదురుపడితే ఎంతమందిని చంపావని అడగకండి. అన్నీ మరిచిపోయి హాయిగా ఉండమనీ చెప్పకండి. నీతో పాటు ఎవరుండేవారు, వాళ్ళది ఏ ఊరు, ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. చెబితే తొందరపెట్టకుండా వినండి. చెప్పకపోతే మరో రోజు అడగండి. నెలల తరబడి నిద్ర లేకపోయినా, తాగుడు పెరుగుతున్నా, బతకాలని లేదన్న మాట నోటి నుంచి వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. సైనికుల కోసం, వాళ్ళ కుటుంబాల కోసం 2023 డిసెంబర్‌లో పుణేలోని సైనిక వైద్య కళాశాలలో ఇదే సేవకు ప్రత్యేక విభాగం మొదలైంది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో సైన్యంలో పనిచేసినవాళ్ళు ఉంటే ఈ నంబరు వాళ్ళ ఇంటివాళ్ళకు రాసి ఇవ్వండి: 14416.